పన్ను నొప్పి

ఆ సందులో అందరూ పని వెతుక్కుంటూ వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళలో అక్కడి భాష తడుముకోకుండా మాట్లాడేది రేడియో అక్క ఒక్కతే. ఎవరికి జ్వరమొచ్చినా ఆసుపత్రికి ఆమె తోడు రావాల్సిందే. కాకపోతే ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. డాక్టరు మందు రాసేలోపే రోగమేమిటో కుళాయి దగ్గర తెలిసిపోతుందని నవ్వుకునేవారు.

అందుకే సందంతా వదినా అని పిలిచే, చొక్కాలకు గుండీలు కుట్టే ఆవిడ, రొమ్ములో గడ్డ చేతికి తగిలినా మూడు నెలలు నోరు మెదపలేదు. డాక్టరుకు చెప్పాలంటే ముందు రేడియో అక్కకు చెప్పాలి. ఆమెకు చెబితే సందంతటికీ చెప్పినట్టే. రోజూ స్నానం చేస్తూ తడిమి చూసుకోవడం, తగ్గిందిలే అని తనకు తానే చెప్పుకోవడం.

ఒకరోజు రేడియో అక్క రవికెకు హుక్కు కుట్టించుకోవడానికి వచ్చింది.

"ఏం వదినా, సూదిలో దారం లేకుండానే కుట్టేస్తున్నావ్?"

వదిన సూది వంక చూసుకుంది. నిజంగానే దారం లేదు. ఏడుపు ఆగలేదు. అంతా చెప్పేసింది.

"మా చెల్లీ ఇలాగే దాచుకుంది, దక్కలేదు," అంది రేడియో అక్క. రవికె పక్కన పడేసి, "పొద్దున్నే ఆసుపత్రికి వెళ్దాం, ఎవరికీ చెప్పనులే," అంది.

మర్నాడు ఇద్దరూ ఆసుపత్రికి బయలుదేరితే కుళాయి దగ్గర వాళ్ళు ఆపారు. "పన్ను నొప్పి," అంది రేడియో అక్క, తడబడకుండా.

సాయంత్రానికి ఒకరు జావ తెచ్చారు, ఇంకొకరు లవంగాలు. రాయిలాంటి పళ్ళున్న వదిన బుగ్గ పట్టుకుని జావ తాగింది. గడ్డలోకి సూది గుచ్చి చేసిన పరీక్ష ఫలితం రావడానికి పది రోజులు. పది రోజులూ జావే.

"నిన్న కుడిబుగ్గ కదూ పట్టుకున్నావ్?" అని ఒకావిడ నిలదీసింది.

"ఆ నొప్పికీ మనలాగే ఒకచోట కాలు నిలవదులే," అని రేడియో అక్క అందుకుంది.

పదకొండో రోజు డాక్టరు చెప్పింది విని, రేడియో అక్క వదినకు చెప్పడం మరిచి ముందు నవ్వేసింది. "మామూలు గడ్డేనట వదినా! భయం లేదట. ఇక జావ మానెయ్, సందులో బియ్యం మిగలనిచ్చేలా లేవు."

వారం తిరక్కుండా హోటల్లో గిన్నెలు తోమే పిల్ల వదిన గుమ్మంలో నిలబడింది. అటూ ఇటూ చూసి, "వదినా, నువ్వు బుగ్గ మార్చినప్పుడే నాకు తెలిసిపోయింది. నాకూ నీలాంటి పన్ను నొప్పే," అంది. చెయ్యి మాత్రం బుగ్గ మీద లేదు, పైట కింద ఉంది.

వదిన సూది చొక్కాకు గుచ్చి పక్కన పెట్టింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని రేడియో అక్క ఇంటికి తీసుకెళ్ళింది.

"అక్కా, ఇంకో పన్ను."