మా బామ్మర్ది పాడెకు నలుగురు

మొన్న మంగళవారం తెల్లారకముందే మా బామ్మర్ది చనిపోయాడు. కామెర్లతో చనిపోయాడు. ఈ ముక్క మొదటే చెప్తున్నాను, ఎందుకంటే ఎండెక్కకముందే నానక్‌రామ్‌గూడ అంతా "టీబీ తిరగబెట్టిందంట" అని పాకింది. తిరగబెట్టలేదు. కొత్త రోడ్డు కోసం తవ్వేవాళ్లు నీళ్ల పైపు పగలగొట్టారు. తాగే నీళ్లలో మోరీ నీళ్లు కలిశాయి. మా గల్లీలో ఇంటికొకరు పచ్చబడ్డారు. మిగిలినవాళ్లు లేచారు, వాడు లేవలేదు. డాక్టరు రాసిన కాగితం నా దగ్గరుంది. నేను చదివింది మూడో తరగతి. ఒకరితో చదివించుకుని విన్నాను. అనుమానం ఉన్నవాళ్లు వచ్చి వాళ్లే చదువుకోవచ్చు.

టీబీ వచ్చిన మాట నిజమే, ఆరేళ్ల కింద. వాడు బండలు కొట్టేవాడు. భార్య ముందే పోయింది, పిల్లలు లేరు, మా పక్క గదిలోనే ఉండేవాడు. ఒకరోజు సమ్మెట ఎత్తబోయి రక్తం కక్కాడు. ఛాతీ దవాఖానలో రెండు నెలలు, ఇంట్లో ఏడు నెలలు. లేపి కూర్చోబెడితే ఎండుకట్టెలా ఉండేవాడు. రోజూ పిడికెడు మాత్రలు, ఒక్క పూట తప్పలేదు. ఆఖరికి డాక్టరమ్మ ఛాతీ ఫోటో చూసి, "రోగం పోయింది. నీ నుంచి ఎవరికీ రాదు. ఇక రోజూ నడువు" అన్నది.

నడవమంటే నడిచి ఊరుకునే రకం కాదు వాడు. మొదట వాకిలి దాకా, తర్వాత గచ్చిబౌలి చౌరస్తా దాకా. ఒకనాడు మా ఊరి బస్సు దాటిపోతుంటే దాని వెంట ఉరికాడు. ఇక రోజూ అదే, అది స్టాపులో ఆగి కదిలేలోగా అందుకోవాలని పంతం. కిటికీల్లోంచి జనం "ఎక్కరాదోయ్, జాగా ఉన్నది" అని నవ్వేవాళ్లు. వాడు ఎక్కేవాడు కాదు, బస్సును దాటి పోయేవాడు. నేను తిట్టాను.

"ఏందిరా, మళ్ల దవాఖాన యాదికొచ్చిందా?"

"నువ్వు కల్లు దుకాణం దాకనన్న ఉరుకు బావా, గప్పుడు నన్ను తిట్టు."

"ఉరకనీకి నాకేం రోగం?"

"గదే చెప్తున్న. రోగమున్నోడు పండుకుంటడు. లేనోడే ఉరుకుతడు. జర అందరికీ కనవడాలె గద!"

అందరికీ కనబడాలి. వాడికి కావలసింది అదొక్కటే. రోగం పోయినా ఊరు వాణ్ణి దూరంగానే పెట్టింది. చాయ్ హోటల్లో వాడి గ్లాసు కిటికీ మీద వేరే ఉండేది. పెళ్లి బంతిలో కూర్చుంటే పక్క విస్తరి ముందరివాడు జరిగి కూర్చునేవాడు. సిగ్గులేని ఊరు. నా ఊరే.

బండపని మానుకుని వాడు హైటెక్ సిటీలో ఒక ఆఫీసుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. అక్కడి కంప్యూటర్ పిల్లలు నలుగురు, కోస్తా నుంచి వచ్చినవాళ్లు, పొద్దున్నే పరుగు తీసేవాళ్లు. డ్యూటీ దిగి వాడూ కలిశాడు. నాలుగు నెలలకు పరుగులో వాళ్లే వాడికి వెనకబడ్డారు. పోయిన చలికాలంలో ఇరవై ఒక్క కిలోమీటర్ల పందెం ఉంటే వాడి పేరు కూడా రాయించారు. నేను మియాపూర్ దగ్గర రోడ్డు పక్కన నిలబడ్డాను, చూడటానికి కాదు, పడిపోతే తీసుకురావడానికి. వాడు నన్ను చూశాడు, ఆగలేదు.

"బావా, నన్నెయ్యనీకి ఆటో గిట్ల తెచ్చినవా ఏంది?" అని అరిచి వెళ్లిపోయాడు.

నడిమి వరసలో వచ్చాడు. ఎక్కడా ఆగకుండా వచ్చాడు. మెడలో బిళ్ల వేశారు.

ఆ బిళ్లతో నేరుగా చాయ్ హోటల్‌కు పోయాడు. హోటలాయన శభాష్ అన్నాడు, బిళ్ల పట్టుకుని తిప్పి చూశాడు, తర్వాత కిటికీ మీది గ్లాసు దించి అందులోనే చాయ్ పోశాడు. వాడు ముట్టకుండా లేచి మా ఇంటికొచ్చాడు. నా భార్య, వాడి సొంత అక్క, మంచినీళ్లు తెచ్చింది. సొట్టపడ్డ స్టీలు గ్లాసులో. అది వాడికోసం వేరే పెట్టింది. పెట్టమన్నది నేను.

వాడు తాగి, గ్లాసు బోర్లించి, "ఇరవై ఒకటి సరిపోలే బావా. ఇంకెంత ఉరకాలె?" అన్నాడు.

ఇప్పుడు నాకున్న కోపంలో సగం నా మీదే, దాచను.

మంగళవారం వాడి పాలివాళ్లు వచ్చారు. నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని వాకిలి బయటే నిలబడ్డారు. పాడె కట్టాక ఒక్కడూ ముందుకు రాలేదు. ఒకడికి నడుము నొప్పి, ఒకడికి భుజం నొప్పి.

"పోయిన నెల నీకు కామెర్లయితే నిన్ను దవాఖానకు ఎత్తుకపోయింది ఎవడ్రా?" అని భుజం నొప్పివాణ్ణి అడిగాను.

తల వంచుకున్నాడు గాని కదలలేదు. పాడెకు నలుగురు కావాలి. నేనొక్కణ్ణి, డెబ్బై దాటినవాణ్ణి.

అప్పుడు వచ్చారు ఆ పిల్లలు. వారం రోజులుగా పరుగుకు రావడం లేదని ఇల్లు వెతుక్కుంటూ వచ్చారట. సంగతి అక్కడే తెలిసింది. కళ్లద్దాల అబ్బాయి బూట్లు విప్పి నా దగ్గరికొచ్చాడు.

"బాబాయ్ గారిని మేం మోయొచ్చాండీ? పద్ధతులు మాకు తెలీవు, మీరు చెప్పండి."

"టీబీ వచ్చినోడు. ఎరుకేనా?" అన్నాను. వాళ్ల మీద కూడా కోపంగానే అన్నాను.

"తెలుసండీ. రోజూ ఒకే సీసాలో నీళ్లు తాగేవాళ్లం కదండీ."

పద్ధతి నిజంగానే తెలియదు వాళ్లకు. పాడె మెల్లగా సాగాలి. కలిసి పరుగెత్తిన కాళ్లు కదా, నలుగురి అడుగులూ ఒక్కటై పాడె విసురుగా లేచింది. నిప్పుకుండ పట్టింది నేను. కుండ ముందుండాలి, పాడె వెనక రావాలి, అది రివాజు. తిరిగి చూస్తే పాడె నా వీపు మీదికొస్తోంది. "మెల్లగ" అని అరవబోయి మానేశాను. గడపల్లో నిలబడిన ఊరు చూస్తుండగా, ధోతి ఎగ్గట్టి, పొగలో కళ్లు మండుతుంటే ఉరికాను.

సగం దారిలో దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. అక్కడ చెవిలో మూడుసార్లు పిలవాలి, ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే వింటుందని. కుండ పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూలబడి, వాడి మొహం మీదికి వంగాను. పిలుద్దామంటే ఉరికిన ఆయాసం తగ్గలేదు. పసుపు రాసిన ఆ చెవిలో నా రొప్పు ఒక్కటే పడుతూ ఉంది.