రొట్టెల వరుసలో తుపాకి

ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించిన రోజులవి. అక్కడి సల్వా అనే పేటలో నేను డ్రైవరుగా పనిచేసిన ఇంటి యజమానురాలిని పనివాళ్లందరం మామా, అంటే అరబ్బీలో అమ్మా అని పిలిచేవాళ్లం. కువైట్ సైన్యంలో పనిచేసే ఆమె తమ్ముడు, అతని స్నేహితులు ఆ ఇంట్లోనే దాక్కున్నారు. వాళ్లందరికీ రొట్టెలు తెచ్చేది నేనే.

ఒకరోజు నేను బేకరీ వరుసలో ఉండగా, భుజాన తుపాకితో ఒక ఇరాక్ సైనికుడు వచ్చాడు. అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు. అతను ముందుకు పోలేదు. రొట్టెల కోసం మాలాగే వరుసలో, సరిగ్గా నా వెనకే నిలబడ్డాడు. వెంకన్నా, కాపాడు తండ్రీ అని తెలుగులో గొణుక్కున్నాను. తుపాకి గొట్టం నా వీపుకు తగులుతోంది.

కొన్నే చాలని చెప్పేలోపే బేకరీవాడు అలవాటు కొద్దీ నా సంచి నింపేశాడు.

"ఇన్ని ఎవరికి?" సైనికుడు అరబ్బీలో అడిగాడు.

నేను ఏదో ఒకటి చెప్పబోతుండగా, పక్కనున్న ఒక కూలీ, "మా రూముకే. అందరం ఇండియావాళ్లం" అని అరబ్బీలోనే చెప్పి, పద పదమన్నట్టు "యల్లా" అంటూ నన్ను లాక్కుపోయాడు.

సందు తిరిగాక అతను, "ఇగ భయం లేదు తమ్మీ" అని తెలుగులో అనేసరికి అడిగాను. "యా ఊరన్నా మీది?"

"జగిత్యాల. నువ్వు వణుక్కుంట ఎంకన్నను మొక్కుతుంటే ఇన్న. మనం రొట్టెలు కాదు, అన్నం తినెటోళ్లమని ఆనికి ఎరుక లేదు, బతికినం."

నేను రొట్టెల సంచిని దగ్గరికి లాక్కున్నాను.

"రొట్టెలు ఎవరికని నేను అడుగ తమ్మీ. ఒక్కని సంచిల ఇన్నుంటే అనుమానపడ్తరు, రేపటి సంది సగం నేను కొంట."

అప్పుడు చూశాను. అతని చేతులు నాకంటే ఎక్కువగా వణుకుతున్నాయి.