కొసమడి నీళ్లు

మెదక్ ఖిల్లా గుట్ట వెనక చెరువుకు వీరయ్య నీరటి. తూము తీయడం, కాలువ వెంట తిరిగి మడిమడికీ నీళ్లు పారించడం అతని పని. తండ్రి నుంచి వచ్చిన హక్కు అది. నీళ్ల చప్పుడు విని గండి ఎక్కడ పడిందో చెప్పేవాడు. ఇంత పనిమంతుడికి ఒకటే జబ్బు. పక్కవాణ్ణి ఎవరైనా మెచ్చుకుంటే అన్నం సహించేది కాదు. ఆ పక్కవాడు సొంత సడ్డకుడైతే ఇక చెప్పనే అక్కర్లేదు.

సడ్డకుడి పేరు నర్సింగం, వీరయ్య భార్య బాలలక్ష్మికి చెల్లెలి మొగుడు. వాడికి పార పట్టడం నేర్పింది వీరయ్యే. ఆ మాట రోజుకోసారైనా ఎవరికో ఒకరికి చెప్పందే నిద్రపోయేవాడు కాదు.

రజాకార్ల గొడవ ముదిరిన ఏడు దొర నాట్లు వేయించి, దొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టు సంఘం వాళ్లకు భయపడి హైదరాబాదు పోయాడు. వెనకే రామాయంపేట వైపు నుంచి సంఘం వాళ్లు వచ్చి రైతులను మామిడితోటలో కూర్చోబెట్టారు. అప్పటిదాకా నీళ్లు ముందు తూము కింది దొర పొలానికి, మిగిలితే కాలువ కొసన ఉన్న చిన్న రైతులకు. ఇకమీదట ముందు కొసకే పారాలన్నారు. మరి నీరటి ఎవరని అడిగితే కొసమడి ఆగమ్మ లేచింది.

"నర్సింగమైతె మంచిగుంటది. వీరన్న దొర మొకం జూస్తడు గని మా మొకం ఎన్నడు జూసిండు?"

చేతులన్నీ లేచాయి. వీరయ్య కళ్లల్లో కారం పడ్డట్టయింది.

"పని నేర్పింది నేను గాదె?" అని ఇంట్లో భార్య మీద ఎగిరాడు.

"నేర్పితివి, నేర్చుకున్నడు. నీకెందుకు గంత మంట?" అంది బాలలక్ష్మి. వీరయ్య కంచం తోసేసి లేచిపోయాడు.

ఆ వానాకాలం కొసమళ్లు కళకళలాడాయి. ఆగమ్మ వరి పొట్టకొచ్చింది. ఎదురుపడ్డ వాళ్లందరికీ ఆమె నర్సింగం పేరే చెబుతుంటే వీరయ్య చెవులు కాలిపోయేవి. చివరికి ఒక మిట్టమధ్యాహ్నం, అందరూ అన్నాలకు పోయిన వేళ, కాలువకు అడ్డంగా మట్టిపెళ్లలు పేర్చి నీళ్లను దొర పొలంలోకి తిప్పేశాడు. కొసమడి ఎండితే నర్సింగం పరువు పోవాలి. అంతే అతని కోరిక.

మిగతా నీరటులు పెళ్లలను గడ్డి పైకి ఉండేలా వేస్తారు. వీరయ్య ఒక్కడే గడ్డిని కిందికి తిప్పి మడమతో తొక్కుతాడు. అలా వేస్తే చుక్క కూడా కారదు. కసిలో ఉన్నవాడికి చేతి అలవాటు మార్చుకోవాలని తోచలేదు.

మర్నాటికి ఆగమ్మ మడిలో నీళ్లు ఇంకిపోయాయి. రైతులు నర్సింగం మీదికి పోయారు. వాడు ఆగమ్మనూ మిగతావాళ్లనూ వెంటబెట్టుకుని కాలువ వెంట వచ్చి, అడ్డుకట్ట దగ్గర వంగి ఒక పెళ్లను తిప్పి చూశాడు. గట్టు మీద నిలబడ్డ వీరయ్యను చూశాడు.

"తప్పు నాదే అక్కా. జర కన్నంటుకున్నది, కాలువ జూస్కోలే" అని, కట్టను తెగ్గొట్టి నీళ్లు వదిలాడు.

రైతులు నాలుగు తిట్లు తిట్టి, వాడి భుజం తట్టి మరీ పోయారు. వీరయ్యకు సిగ్గేసింది, కాదనను. కానీ సిగ్గును మించి కడుపు మండింది. పనిలో పైకొచ్చింది చాలక మంచితనంలోనూ వీడే పైనా?

ఇంతలో పోలీసు చర్య జరిగింది. యూనియన్ పటాలం వచ్చింది, రజాకార్లు మాయమయ్యారు, సంఘం వాళ్ల కోసం వెతుకులాట మొదలైంది. పటాలం వెనకే దొర కూడా దిగాడు.

"నీల్లు ముందుగాల కొసకు పారిచ్చినోడు ఎవడ్రా?" అని గట్టు మీద నిలబడి అడిగాడు.

వీరయ్య నోరు మూసుకుంటే సరిపోయేది. మూసుకోలేదు.

"మా సడ్డకుడు నర్సింగం, నీ బాంచెన్. దొర పొలానికి నీల్లు మలిపింది నేను."

నర్సింగాన్ని లారీలో ఎక్కించుకుపోయి జైల్లో పెట్టారు. పార మళ్లీ వీరయ్య చేతికొచ్చింది. కోతలయ్యేదాకా ఆ పారను భుజాన వేసుకుని, పని ఉన్నా లేకున్నా ఊరంతా తిరిగాడు.

కోతలయ్యాక నీరటికి ప్రతి రైతూ కల్లం దగ్గర ఒక వరికట్ట ఇవ్వడం ఆనవాయితీ. ఆగమ్మ కల్లంలో పెద్ద కట్ట ఒకటి విడిగా పెట్టి ఉంది. వీరయ్య దాని మీద చెయ్యి వేశాడు.

"గది ముట్టకు. నర్సింగానిది. వాని పెండ్లానికి ఇచ్చొస్త" అంది ఆగమ్మ. "నీది దొర కల్లంల అడుక్కో, పో."

పక్క కల్లంలోనూ అదే మాట. కొసమళ్లలో ఒక్కరూ అతనికి పరక విదల్చలేదు.

దొర కల్లంలో మాత్రం మోయలేనంత ఇచ్చారు. మెడ విరిగేలా మోసుకొచ్చి వాకిట్లో దించేసరికి తలుపుకు గొళ్లెం పెట్టి ఉంది. చెల్లెలింటికి వచ్చిపడుతున్న కట్టలు దించుకోవడానికి బాలలక్ష్మి పోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. వీరయ్య ఆ వరి పక్కనే కూలబడి, జైల్లో ఉన్నవాడి అదృష్టానికి కుళ్లి కుళ్లి ఏడ్చాడు.