గంప కదిలిన ఇల్లు

లాజరు కొడవలి మొనను పొయ్యిలో ఎర్రగా కాలుస్తున్నంతసేపూ రోజ బొల్లిపిల్లను ఒడిలోంచి దించలేదు. పుట్టి నెల దాటిన ఆడ మేకపిల్ల. వెన్నెల్లో వేలు ముంచి ఎవరో అంటించినట్టు దాని నుదుటి మీద తెల్లటి మచ్చ. నిన్నటి నుంచి పారుతోంది. తోక కింద వెంట్రుకలు తడిసి అట్టకట్టాయి, కళ్లు లోపలికి పోయాయి.

"కాళ్లు వట్టు," అన్నాడు లాజరు.

అతను రోజ పెనిమిటికి అన్న, పక్కింట్లోనే వేరు కాపురం. మనూర్ దగ్గరి ఆ పల్లెలో ఎవరి మేకపిల్లకు పారుడు పట్టినా కడుపు మీద వాత పెట్టేది అతనే. వాత పెట్టాక నీళ్లూ పాలూ బందు. కడుపు ఎండితే రోగం కూడా ఎండిపోతుందని అందరి నమ్మకం.

"పట్ట," అంది రోజ.

"ఏంది?"

"పట్ట బావా. కొడవలి సల్లార్చుకో. దాంతోని గడ్డి కోస్కో."

మంచం మీద పడుకున్న అత్త గ్రేసమ్మ దిగ్గున లేచి కూర్చుంది. "నీ నోరు వడిపోను! బావతోని గట్లనేనా మాట్లాడేది? ఊరు ఊరంత ఆయన చేతుల పిల్లల్ని పెడ్తది."

"నిరుడు మనం గూడ పెడితిమి గదత్తా. ఏమాయె?"

నిరుడు వానల్లో వాత పడ్డ పిల్లల్లో ఒక్కటీ కంది పూత చూడలేదు. కాలిన వెంట్రుకల వాసన ఆ వాకిట్లో చాలా దినాలు తిరిగింది. అన్నం ముందు కూర్చుంటే పళ్లెంలోకి కూడా వచ్చి కూర్చునేది.

లాజరు కొడవలిని నీళ్ల బకెట్లో ముంచాడు. అది బుస్సుమంది. "సరే. నువ్వే డాక్టరమ్మవైతివి. మరొక్క మాట. గీ పిల్ల సచ్చిందనుకో, మా నాయిన మేకలన్ని నా మందల కలుపుత. నువ్వు బట్టలు సదురుకొని తిమోతి కాడికి పట్నం పో."

పెళ్లైన కొత్తలో రోజ తన పెనిమిటి తిమోతితో పాటు హైదరాబాదు వెళ్లి కట్టే బిల్డింగుల కింద రేకుల షెడ్డులో బతికింది. తలుపు తీస్తే గోడ, గోడ మీద ఇంకో గోడ. ఎవరి ఇంటికోసమో ఇసుక మోసి మోసి, ఆకాశాన్ని చూడాలంటే తల మీది తట్ట దించాల్సి వచ్చేది. మామ యేసయ్య పోయాక మేకల పేరు చెప్పి ఊరికి తిరిగొచ్చింది. నల్లరేగడి మీద మంద వెనక నడుస్తుంటే, ఆమె ముందు ఆకాశం తప్ప ఏమీ ఉండదు. ఆ ఖాళీని ఆమె ఎవరికీ ఇవ్వదలచుకోలేదు.

"సరే. బతికితే మాత్రం మేకలు నా కాడనే," అంది.

పిల్లను పాత చీరలో చుట్టి, దాని పెంటను ప్లాస్టిక్ కవర్లో కట్టి, ఆటోలో నారాయణఖేడ్ చేరింది. ఆటోలో కూర్చున్న వాళ్లు కవరును చూసి ముక్కు మూసుకుంటే, "పారిజాతాలు గావు, పెంటనే," అని చెప్పి కిటికీ వైపు జరిగింది.

పశువుల దవాఖానలో డాక్టర్ గీత ఆ పెంటను గాజుపలక మీద రాసి, మైక్రోస్కోపు అద్దానికి కన్ను ఆనించి చాలాసేపు చూసింది.

"పేగుల్ల కంటికి కనవడని క్రిములున్నయి. తడి పెంటల అవి పెరుగుతయి, పిల్లలు నేలను నాకి కడుపులకు తీసుకుంటయి. పిల్లల్ని యాడ ఉంచుతున్నవమ్మా?"

"గంప కింద, మేడం."

"గంప యాడుంటది?"

"మా మామ పెట్టినకాడనే. నేను కాపురానికి రాకముందు నుంచి."

డాక్టరమ్మ మందు సీసా, సూదిలేని సిరంజి ఆమె చేతిలో పెట్టింది. "మందిస్తున్న. కానీ మళ్ల ఆడ్నే ఉంచితే నేల గెలుస్తది, మందు ఓడిపోతది. కాచి సల్లార్చిన నీళ్లల్ల ఉప్పు, చక్కెర కలిపి మాటిమాటికి కొంచెం కొంచెం తాపు. మూతి పైకెత్తకు, నీళ్లు ఊపిరితిత్తుల్లకు పోతయి. తల్లిపాలు బందు పెట్టకు."

"బతుకుతదా మేడం?"

"చెప్పలేను. ఒంట్లె నీళ్లన్ని పోయినయి. తాపింది లోపల నిలిస్తే ఆశ."

ఇంటికొచ్చి రోజ మొదట చేసిన పని గంప ముందు నిలబడడం. వాకిట్లో బోర్లించిన, మనిషి ముడుచుకుని కూర్చోగలిగినంత పెద్ద వెదురు గంప. చిన్న మేకపిల్లల్ని ఉంచేది దాని కిందే. చుట్టూ సున్నంతో గీసిన గుండ్రటి గీత. మామ యేసయ్య నాగల్‌గిద్ద వైపు నుంచి మొదటి మేకను కొనుక్కొచ్చిన నాడు అక్కడే మోకరించి ప్రార్థన చేశాడట. అప్పట్నుంచి గంప అక్కడే. ప్రతి క్రిస్మస్‌కూ సున్నపు గీత కొత్తదవుతుంది, గంప మాత్రం కదలదు. మేక ఈనితే గ్రేసమ్మ ప్రార్థన నూనెను ముందు ఆ నేలకు అంటించి, తర్వాత పిల్ల నుదుటికి అంటిస్తుంది.

రోజ గంపను ఎత్తింది.

కింద నేల నల్లగా, చెమ్మగా, పులిసిన వాసనతో ఉంది. ఎన్నో ఏళ్లుగా ఎండ పేరు కూడా విననట్టుంది.

"అయ్యో, మీ మామను కదిలిస్తున్నవే!" గ్రేసమ్మ గుండెలు బాదుకుంది.

"మామ దేవుని కాడున్నడు అత్తా. గీ పెంటల లేడు."

రోజ పారతో ఆ మన్ను చెక్కి దూరంగా పారబోసి, సున్నం చల్లింది. బయటంతా ముసురు. పొడిగా ఉన్నది ముందరి గదిలోని సిమెంటు నేల ఒక్కటే. ఆదివారం ప్రార్థన కూటం జరిగేది అక్కడే. అక్కడే బూడిద చల్లి, జొన్నసొప్ప పరిచి, గంప బోర్లించి మిగతా మేకపిల్లల్ని ఉంచింది. ఆకు నేల మీద వేయకుండా దూలానికి వేలాడగట్టింది. బొల్లిపిల్లను విడిగా, మూలన గోనెసంచి మీద పడుకోబెట్టింది.

తిమోతి ఫోన్ చేశాడు. "అన్నతోని పంచాదేందే? అవన్ని ఇడిసిపెట్టి నా కాడికి రారాదు."

"నీ రేకుల డబ్బల నేను వండుకోను, పండుకోను. నువ్వే రా. మేకలకు ఆకు కొట్టుదువు."

ఆ తర్వాతి కాలమంతా చుక్కలుగా గడిచింది. సిరంజి కొసన ఒక చుక్క, పిల్ల గొంతులో చిన్న కదలిక, మళ్లీ చుక్క. పారినప్పుడల్లా గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడిచి, సంచి మార్చింది. తల్లిమేక పాలు పిండి కొంచెం కొంచెంగా పట్టింది. ఒకసారి పిల్ల మెడ వాలిపోయింది. లాజరు వాకిట్లోంచి తొంగిచూసి, "ఇగ బట్టలు సదురుకో," అన్నాడు. రోజ లేవలేదు. చెవి దాని పక్కటెముకలకు ఆనించింది. లోపల ఎక్కడో, దూరపు ఊళ్లో దంచుతున్న చప్పుడులా గుండె ఆడుతోంది. మళ్లీ సిరంజి నింపింది.

ఆదివారం కూటానికి జనం వచ్చారు. ముక్కులు చిట్లించుకున్నారు, గంప చుట్టూ సర్దుకుని కూర్చున్నారు. గ్రేసమ్మకు తల కొట్టేసినట్టయింది. లాజరు గడప దగ్గర కూర్చున్నాడు. పాటలయ్యాక అందరూ కళ్లు మూసుకుని మౌనంగా ప్రార్థనలో ఉన్నారు. చినుకులు రేకుల మీద గుసగుసలాడుతున్నాయి.

మూలనుంచి మేకపిల్ల అరిచింది.

మూలుగు కాదు, అరుపు. గట్టిగా, కోపంగా, పాలేవని నిలదీస్తున్నట్టు. బొల్లిపిల్ల వణుకుతున్న కాళ్ల మీద నిలబడి ఉంది. సంచి మీద పొడి పెంట గుళికలు నాలుగు, మిరియాల్లా.

రోజ లేచింది.

"ప్రార్థన అయ్యేదాక ఆగవే," అంది గ్రేసమ్మ కళ్లు తెరవకుండానే.

"దాని ఆకలి ఆగదత్తా." పిల్లను చంకనెత్తుకుని, జనం మోకాళ్లు దాటుకుంటూ తల్లిమేక దగ్గరికి నడిచింది.

గడప దగ్గర లాజరు జరిగి దారి ఇచ్చాడు. "దానికి ఆయుష్షుండె, బతికింది. నీ గొప్ప ఏంలేదు."

"ఆయుష్షుతోనే బతికేదైతే వాతెందుకు బావా?"

వెనక ఎవరో ప్రార్థనలోనే కిసుక్కున నవ్వారు. లాజరు చూపు తిప్పుకున్నాడు. మేకల్ని తన మందలో కలుపుకునే మాట మళ్లీ ఎత్తలేదు.

ముసురు వెలిసింది. ఇంకో మేక ఈనింది. రోజ పిల్లను తుడిచి, ముర్రుపాలు తాగించి, గంప భుజానికెత్తుకుని వాకిట్లోకి వచ్చింది. సున్నపు గీత మధ్యలో పాత జాగా ఖాళీగా ఎండుతోంది. వెనకే గ్రేసమ్మ నూనె సీసా పట్టుకుని వచ్చింది.

"ఇయాల గంప యాడ పెడ్తవే? నూనె అంటియ్యాలె."

"ఎండ యాడ వడితె గాడ."

"రేపో?"

"రేపటెండ యాడ వడ్తదో గాడ."

"దినానికో జాగంటే నా సీస నిండుకోదా, మాయదారిదానా?"

"నేలకెందుకు, పిల్లకే పెట్టు."

గ్రేసమ్మ సణుక్కుంటూ పిల్ల నుదుటికి నూనె అంటించింది. రోజ గంపను ఎండలో బోర్లించి అటు తిరిగినప్పుడు, గంప పక్కన ఎండ పడ్డ మట్టి మీద కూడా బొటనవేలు గబుక్కున ఆనించింది.

రోజ ఓరకంట చూసింది. చూడనట్టే మేకలు తోలుకుని చేను దారి పట్టింది. రేపు పొద్దున గంపను ఇంకా అవతలికి, ఏకంగా లాజరు వాకిలి ఎదురుగా పెట్టాలనుకుంది. ఎండ అటువైపే ముందు వస్తుంది మరి.