పేరు చెప్పని కొలువు

ప్రొఫెసర్‌గా రిటైరై కోరుట్లలో ఇంటిపట్టున ఉంటున్న రోజుల్లో, జగిత్యాల దగ్గరి ఒక ప్రైవేటు యూనివర్సిటీ నన్ను అంబుడ్స్‌మన్‌గా రమ్మని పిలిచింది. చేరేదాకా ఆ పని ఎలా ఉంటుందో నాకూ సరిగ్గా తెలియదు. విద్యార్థులు గానీ సిబ్బంది గానీ ఎవరైనా వచ్చి తమ ఇబ్బంది చెప్పుకోవచ్చు. నేను ఎవరి పక్షమూ పట్టకూడదు. ఎవరినీ శిక్షించలేను, ఏదీ చెయ్యమని ఆర్డరు వెయ్యలేను. వినాలి, విచారించాలి, రెండు వైపుల వాళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడించాలి, పైవాళ్లకు సలహా ఇవ్వాలి. అన్నిటికంటే గట్టి నియమం, వచ్చినవాళ్లు ఒప్పుకుంటే తప్ప వాళ్ల పేరు నా నోటి నుంచి రాకూడదు. వాచ్‌మన్‌కు ఆ ఇంగ్లీషు మాట నోరు తిరగక నన్ను ‘ఫిర్యాదుల మేడం’ అనేవాడు. పిల్లలకూ అదే అలవాటైంది.

నాకు గది ఇచ్చింది సరిగ్గా రిజిస్ట్రార్ గదికి ఎదురుగా. నా తలుపు తట్టినవాళ్లెవరైనా ఆయన కుర్చీలోంచి కనిపిస్తారు. మొదటి నెలంతా ఒక్కరూ రాలేదు. గది మార్చమని అడిగితే చూద్దామన్నారు, చూడలేదు. అందుకే నేను సాయంత్రాలు లైబ్రరీ వెనక బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టాను.

ఒకరోజు ఒక అమ్మాయి అక్కడికి వచ్చింది. సిరిసిల్ల పిల్ల, ఎమ్మెస్సీ చదువుతోంది. తండ్రి సాంచాల మీద పనిచేస్తాడని చెప్పింది. సిరిసిల్లలో మరమగ్గాలను అలాగే అంటారు. కాసేపు పరీక్షల గురించీ ఎండల గురించీ మాట్లాడి, లేచి వెళ్లబోయి, మళ్లీ కూర్చుని అసలు సంగతి చెప్పింది.

ఆడపిల్లల హాస్టల్ గేటుకు సాయంత్రం ఆరింటికి తాళం వేస్తారు. తాళంచెవి వార్డెన్ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు. ఆమె తాళం వేసి కోరుట్ల బస్సెక్కి ఇంటికి పోతుంది. వారం కింద ఈ అమ్మాయి గదిలోనే ఉండే పిల్లకు కడుపులో నొప్పి మొదలైంది. వార్డెన్ ఫోను కలవలేదు. పైవాళ్ల నంబర్లు పిల్లల దగ్గర లేవు, తాళం పగలగొట్టే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. తెల్లవారి ఆమె వచ్చి గేటు తీశాక ఆస్పత్రికి తీసుకెళితే, అపెండిక్స్ పగిలేదాకా వచ్చిందని అప్పటికప్పుడు ఆపరేషన్ చేశారు.

“గేటు వట్టుకొని ఊపినం మేడం. వాచ్‌మన్ తాత అవతల నిలవడి ఏడ్సిండు. ఆయన మాత్రం ఏం జేస్తడు?” అంది. తర్వాత నెమ్మదిగా, “నేను చెప్పిన్నని తెల్వద్దు. తాళం ఏస్తరంటెనే మా బాపు నన్ను హాస్టల్ల ఉంచిండు. తెలిస్తె సదువు బందు వెట్టిస్తడు” అంది.

పేరు రాదని మాటిచ్చాను. మర్నాడే రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లి, హాస్టల్ తాళం సంగతి నా దృష్టికి వచ్చిందని చెప్పాను. ఆయన చెడ్డవాడేమీ కాదు. టీ తెప్పించి, అంతా శ్రద్ధగా విని, చివరికి ఒకే మాట అడిగాడు.

“ఎవలు చెప్పిన్రు మేడం?”

చెప్పలేనన్నాను. పేరు లేని మాటను పైవాళ్ల ముందు ఎట్లా పెట్టాలని ఆయన బాధ. ఆపరేషనైన పిల్లను తల్లిదండ్రులు బీర్పూర్ తీసుకెళ్లిపోయారు. ఫోన్ చేస్తే, మళ్లీ అదే కాలేజీకి రావాల్సిన పిల్ల, మమ్మల్ని ఇందులోకి లాగొద్దని తండ్రి దండం పెట్టినంత పని చేశాడు. ఈలోగా ఎవరి ద్వారానో విషయం హాస్టల్‌కు చేరింది. ఎవరు చెప్పారో తేల్చమని వార్డెన్‌కు పైనుంచి ఒత్తిడి. ఆమె గదిగదికీ వెళ్లి అడిగిందట. సిరిసిల్ల అమ్మాయి దారిలో ఎదురైతే నన్ను చూడనట్టే తప్పుకుపోయింది. నేను నోరు విప్పినందుకే ఆమె మెడ చుట్టూ ఉచ్చు బిగుస్తోంది. ఇంకొంచెం గట్టిగా మాట్లాడితే పేరు బయటపడుతుంది. ఊరుకుంటే ఇంకో పిల్ల ప్రాణం మీదికి వస్తుంది.

చివరికి నా కళ్లతో నేనే చూద్దామనిపించింది. క్యాంపస్‌లో ఎక్కడికైనా వెళ్లే హక్కు నాకుంది. ఒక సాయంత్రం వార్డెన్‌కు చెప్పే హాస్టల్‌లోకి వెళ్లాను. పై అంతస్తులో పిల్లలతో మాట్లాడుతూ ఉండగా ఆరైంది. బస్సు తొందరలో వార్డెన్ నేను వెళ్లిపోయాననుకుంది. కింద గేటు మూసిన చప్పుడు వినిపించింది. పిలిస్తే వినిపించే దూరమే. పిలవలేదు.

నింపాదిగా కూర్చుని గమనిద్దామని నా ఉద్దేశం. మొదట అలాగే గడిచింది. పిల్లలు ఆరిన బట్టలు తీసుకున్నారు, వంటామె వండిపెట్టి పోయిన పప్పులో నీళ్లెక్కువయ్యాయని సణుక్కున్నారు. చీకటి పడ్డాక వరండాలోకి వచ్చి ఊచల దగ్గర నిలబడ్డారు. ఎదురుగా లైబ్రరీలో లైట్లు వెలుగుతున్నాయి, మగపిల్లలు వస్తూ పోతూ ఉన్నారు. ఒకమ్మాయి తనకు కావలసిన పుస్తకం ఏ అరలో ఉందో వేలెత్తి చూపించింది.

నాకు మేడిపల్లిలో మా తాత ఇల్లు గుర్తొచ్చింది. భూములున్న కుటుంబం, పెద్ద ఇల్లు. ఆడవాళ్లు రెండో గడప దాటి వచ్చేవాళ్లు కాదు. ఎవరూ రావద్దని అనగా నేను వినలేదు. మా నాయనమ్మ అక్కడ నిలబడి బయటి మాటలు వినేది, అంతే. చదువుకుని ఆ ఇంటి నుంచి ఎంతో దూరం వచ్చేశానని ఇన్నేళ్లూ అనుకున్నాను.

కాసేపటికి నాకు ఊపిరి ఆడనట్టయింది. జబ్బేమీ లేదు. బయటికి పోలేనన్న ఊహ, అంతే. కిందికి దిగి గేటు పట్టుకుని ఊపాను. పిల్లలు ఊపినట్టే. వాచ్‌మన్ టార్చి వేసి నన్ను చూసి గేటు దగ్గరికి పరుగెత్తి వచ్చాడు. వార్డెన్ ఫోను ఎత్తలేదు. రిజిస్ట్రార్‌కు చేశాను. ఆయన ఎలాగో ఆమె భర్తను పట్టుకున్నాడు. భార్యాభర్తలిద్దరూ కోరుట్ల నుంచి బండి మీద వచ్చేదాకా నేను ఆ గేటు దగ్గరే నిలబడ్డాను. పిల్లలు నా కోసం కుర్చీ తెచ్చారు, కూర్చోబుద్ధి కాలేదు.

వార్డెన్ వచ్చి తాళం తీసింది. ఆమె కూడా లెక్చరరే, ఈ పని అదనంగా అంటగట్టారు.

“నాకు క్వార్టర్ ఇయ్యలే మేడం. ఇంట్ల పాలు తాగే పిల్లగాడున్నడు. తాళంచెవి ఎవ్వరికీ ఇయ్యద్దన్నరు. నన్నేం జెయ్యమంటరు?” అని గేటు దగ్గరే ఏడ్చింది. ఆమె మీద నాకున్న కోపం అక్కడే పోయింది.

మర్నాడు రిజిస్ట్రార్ పేరు అడగలేదు. నేనే చెప్పాను, ఇప్పుడు ఫిర్యాదుదారు పేరు కావాలంటే నా పేరు రాసుకొమ్మని. ఆయన హాస్టల్ పిల్లల తల్లిదండ్రులతో మీటింగు పెట్టించాడు.

మేడిపల్లి, కొడిమ్యాల, సిరిసిల్ల, ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. గేటు మార్పుల గురించి నేను చెప్పడం పూర్తి కాకముందే మూడో వరుసలో ఒకాయన లేచాడు. పక్కన సిరిసిల్ల అమ్మాయి కూర్చుని ఉండడంతో ఆయనెవరో నాకు అర్థమైంది.

“నేను పొద్దంత సాంచాల నడుమ ఉంట. గా మోతల ఫోను మోగినా ఇనవడది. మీరు తాళం ఏస్తమన్నరు, గందుకే బిడ్డను తోలిచ్చిన. గిప్పుడు తీస్తమంటె నేను తీస్కపోత” అన్నాడు. చాలామంది తలలూపారు.

నేను మళ్లీ ఆమె వైపు చూడలేదు. చూస్తే నా ముఖంలో ఏదో ఒకటి తెలిసిపోతుంది. ఆమె నా దగ్గరికి ఎందుకొచ్చిందో ఆ హాల్లో ఆమెకూ నాకూ తప్ప తెలియదు. ఆ ఒక్క మాట చెబితే ఆయన బహుశా ఆలోచనలో పడేవాడు. కానీ ఆ మాట నాది కాదు.

“తాళం తియ్యాలని నేనంటలేను. చెవి లోపల ఉండాలంటున్న. మొన్న నేనే లోపల చిక్కుకున్న. పానం మీదికి అచ్చినా బయటపడే తొవ్వ లేదు” అన్నాను.

ఆయన కూర్చోలేదు. కడుపునొప్పి వచ్చిన పిల్ల సంగతి నిజమేనా అని రిజిస్ట్రార్‌ను అడిగాడు. తెల్లారేదాకా అట్లనే ఉన్నదా అని మళ్లీ అడిగాడు. రిజిస్ట్రార్ అవునన్నాడు. ఆ తండ్రి, “చెవి లోపల వెట్టుండ్రి. తాళమైతె ఉండాలె” అని కూర్చున్నాడు.

అలాగే జరిగింది. రాత్రిళ్లు హాస్టల్‌లోనే ఉండే ఒక ఆయమ్మను పెట్టి తాళంచెవి ఆమెకిచ్చారు. గేటు వేళ లైబ్రరీ మూసేదాకా పొడిగించారు. వార్డెన్‌కు క్వార్టర్ ఇవ్వలేదు గానీ, ఆ పని నుంచి తప్పించారు. నా గది మాత్రం రిజిస్ట్రార్ ఎదురుగానే ఉండిపోయింది. సిరిసిల్ల అమ్మాయి మళ్లీ ఒకే ఒక్కసారి బెంచీ దగ్గరికి వచ్చింది. “మీటింగుల మీరు నా దిక్కు సూడకపోతిరి, మంచిగ చేసిన్రు” అని చెప్పి లైబ్రరీలోకి వెళ్లిపోయింది.

ఆమె చదువు ముగిశాక ఒకసారి పెళ్లికని సిరిసిల్ల వెళ్లాను. తిరుగు బస్సు కోసం నిలబడితే ఆమె తండ్రి గుర్తుపట్టి వచ్చాడు. టీ తాగక తప్పదన్నాడు. బిడ్డ అదే ఊళ్లో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతోందని సంతోషంగా చెప్పాడు. గ్లాసు సగమయ్యాక గొంతు తగ్గించాడు.

“ఒక్క ముచ్చట అడుగుత మేడం. అప్పుడు మీకు చెప్పింది మా బిడ్డేనా?”

లేదంటే అబద్ధం. అవునంటే మాట తప్పినట్టు. ఊరుకుంటే అదీ జవాబే.

“నా దగ్గరికి ఎవరచ్చిన్రో చెప్పను. ఎవరు రాలేదో గూడ చెప్పను. మీరు ఎవ్వరి పేరడిగినా గిదే మాట” అన్నాను.

ఆయన గ్లాసు పక్కన పెట్టాడు.

“మీటింగుల నేను మాట్లాడుతుంటె దాని చేతులు వణికినయి. నేను సూసిన. అప్పటి సంది అడుగుదమనుకుంట. అడిగితె భయానికి లేదంటదేమో. నా బిడ్డ నాకు గంత భయపడుతదని తెలుసుకునుడు నాతోని కాదు” అన్నాడు. తర్వాత, “అడగమంటరా?” అన్నాడు.

జీవితమంతా పిల్లలకు సలహాలిచ్చినదాన్ని, ఆ ప్రశ్నకు సలహా ఇవ్వలేకపోయాను. నేనేమన్నా ఆమె పేరు చెప్పినట్టే అవుతుంది. అది మీ తండ్రీబిడ్డల ముచ్చట, నన్నడగొద్దన్నాను. ఆయన తలూపాడు, టీ ఇంకొకటి తాగమన్నాడు.

జగిత్యాల బస్సు వచ్చింది. ఆయన నా సంచి తీసుకొని ముందుగా ఎక్కి, కిటికీ పక్క సీటు ఆపి, నేను కూర్చున్నాక దిగాడు. ఆయన అడిగాడో లేదో నాకు తెలియదు. తెలుసుకోవడానికి నేను కూడా ఎవరినీ అడగలేను.