చెల్లెలింటి పథ్యం

మా చెల్లెలి కూతురికి అమ్మవారు పోసిందని ఫోన్లో తెలిసింది. తట్టును మా కర్నూలు పడమటి పల్లెల్లో ఇప్పటికీ అమ్మవారనే అంటాం. వాళ్లు గుంటూరు మిరపకోతల నుంచి తిరిగొచ్చి వారమే అయింది. ఆ కోతల కాలమంతా పిల్ల చేనుగట్ల మీదే పెరిగింది, అన్నం, కారం నీళ్లతోనే కడుపు నింపుకుంది. అంగన్‌వాడీలో తాగించే విటమిన్ సిరప్పు కూడా దానికి అందలేదు.

నేనొస్తానంటే చెల్లెలు ఒప్పుకోలేదు.

"వద్దక్కా. తలుపుకు వేపమండ కట్టినాం. బయటోళ్లొస్తే అమ్మకు కోపమొస్తాది."

నేను బయటిదాన్నంట! ఒళ్లు మండింది. అయినా ఆ మండ దాటి లోపలికి పోయే ధైర్యం మా ఊళ్లల్లో ఎవరికీ లేదు.

ఇంట్లో తాలింపు వాసన రాకూడదు. నూనె, ఆకుకూర, గుడ్డు బిడ్డ ముట్టకూడదు. చెల్లెలు ఎంత నిష్ఠగా ఉందంటే, బిడ్డతో పాటు తానూ చప్పిడి మజ్జిగన్నమే తినింది. పెరట్లో మునగచెట్టు ఆకు మేకలకు పోయింది.

అంగన్‌వాడీ టీచరమ్మ సిరప్పు తీసుకొని వాకిట్లో నిలబడిందట. "తట్టు పోసిన బిడ్డకు ఇది తాపకపోతే కండ్లకు మోసమమ్మా" అని బతిమాలిందట.

"ఇప్పుడు మందు తాపితే అమ్మ ఊరుకోదు. నీళ్లు పోసినాక రా తల్లీ" అని చెల్లెలి అత్త మర్యాదగానే పంపించేసింది. లోపల బిడ్డను ఒళ్లో పెట్టుకొని చెల్లెలు అంతా వింది. కోడలు, ఏమంటుంది?

జ్వరం తగ్గింది. మచ్చలు మాడినాయి. అమ్మ చల్లగా వెళ్లిపోయిందని అందరూ సంబరపడి బిడ్డకు నీళ్లు పోశారు. ఆ రోజే నన్ను రానిచ్చారు. పోయి చూస్తే పిల్ల వెలుతురుకు మొహం తిప్పుకొని పడుకుని ఉంది. రెప్పలు తెరిచి చూశాను. నల్లగుడ్ల మీద తెల్లటి పొర.

"కండ్లకలక అయ్యుంటాదిలే అక్కా" అంది చెల్లెలు.

ఆ పూటే కర్నూలుకు తీసుకుపోయినాం. డాక్టరు ఏం పెట్టారని అడిగితే, చెల్లెలు పథ్యమంతా పూసగుచ్చినట్టు చెప్పింది, మెచ్చుకుంటాడన్నట్టు. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఒంట్లో విటమిన్-ఎ ముందే తక్కువగా ఉన్నట్టుందమ్మా, ఉన్న కాస్తా తట్టు పీల్చేసింది. ఆకుకూర, గుడ్డు, బొప్పాయి పెట్టాల్సింది ఆ రోజుల్లోనే" అన్నాడు.

ఒక కన్ను పూర్తిగా పోయిందన్నాడు. రెండోదానికి నీడలు తప్ప ఏమీ ఆనవన్నాడు. చెల్లెలు అక్కడే గోడకు తల బాదుకుంది. ఎవరిని తిట్టుకోవాలి? అత్త చెడ్డది కాదు, మనవరాలి కోసం పస్తులుంది. అందరూ ప్రేమతోనే చేశారు. అదే నేను తట్టుకోలేకపోతున్నాను.

ఇప్పుడు ఊళ్లో ఏ బిడ్డకు ఒళ్లు వెచ్చబడినా చెల్లెలు పోయి వాళ్లమ్మతో పోట్లాడుతుంది, సిరప్పు తాపించినావా, కూరాకు పెడ్తాండావా అని. ఇంట్లో రోజూ మునగాకు పప్పే.

మొన్న పోయినప్పుడు బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకొని తినిపిస్తోంది. పిల్ల ఒక్క ముద్దకూ వద్దనలేదు. పెట్టినప్పుడల్లా నోరు తెరిచింది. పళ్లెం ఖాళీ అవుతుంటే అడిగింది.

"అమ్మా, ఇంకా ఎంత తినాల, కనపడేదానికి?"

చెల్లెలు ఇంకో ముద్ద కలిపింది. చెయ్యి పైకి లేవలేదు.