కట్టెల గదిలో రెండు నిమిషాలు

నా చిన్నప్పుడు చిలకలగూడలో మా సందు పిల్లలందరం ఒక సారు దగ్గరికి ట్యూషన్‌కు పోయేవాళ్ళం. లెక్క తప్పితే ఆయన కొట్టేవాడు కాదు. ఇంటి వెనక కట్టెల గదిలోకి తోసి, బయట గొళ్ళెం పెట్టేవాడు. దానికి కిటికీ లేదు. లోపల కాళ్ళమీద ఏదో పాకుతున్నట్టే ఉండేది.

ఒకరోజు మా తమ్ముణ్ణి అందులో పెట్టాడు. బయటికొచ్చేసరికి వాడి నిక్కరు తడిసిపోయి ఉంది. సాయంత్రమంతా లోపలే ఉంచాడని ఇంటికొచ్చి ఏడ్చాడు. అమ్మ అడగడానికి వెళితే సారు తన చేతిగడియారం చూపించాడు. దాన్ని ముందు పెట్టుకునే గొళ్ళెం వేస్తానని, రెండు నిమిషాలు దాటనివ్వనని, పిల్లలకు అబద్ధాలు నేర్పొద్దని అన్నాడు. అమ్మ తల వంచుకుని వచ్చేసింది. ఆ తల వంపు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

పక్కింటి అక్క అప్పుడు టీచర్ ట్రైనింగ్ చదువుతుండేది. నేను చెప్పిందంతా వింది. మర్నాడు మాతోపాటే ట్యూషన్‌కు వచ్చి, కట్టెల గదిలో పిల్లి ఈనినట్టుందని సారుతో చెప్పింది. ఆయన గడియారం బల్లమీదే వదిలి వెళ్ళి లోపలికి వంగాడు. అక్క తలుపు మూసి గొళ్ళెం పెట్టింది.

మొదట తిట్టాడు. తర్వాత తలుపు బాదాడు. చివరికి ఊపిరాడటం లేదని బతిమాలాడు. అక్క గడియారం పట్టుకుని ఆయన కుర్చీలోనే కూర్చుంది. తమ్ముడు నా చెయ్యి వదిలేసి, తలుపుకు చెవి ఆనించి విన్నాడు.

గొళ్ళెం తీసేసరికి సారు చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. "అరగంట సేపు మూసి పెడ్తవా నన్ను?" అన్నాడు.

అక్క గడియారం ఆయన చేతిలో పెట్టింది. "రెండు నిమిషాలే సార్. మరి పిలగాడు అబద్ధం చెప్పిండా?"

ఆయన గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని చూశాడు. అది నడుస్తూనే ఉంది.

ఆ సాయంత్రమే మా గుమ్మం ముందుకొచ్చి తప్పయిందన్నాడు. అమ్మ లోపలికి రమ్మనలేదు. నాకు మాత్రం అక్కమీద కోపం. అంత తొందరగా ఎందుకు తీశావని అడిగాను. మాకు అది రెప్పపాటులో అయిపోయింది మరి. "బయట నిలబడ్డోల్లకు గట్లనే ఉంటది" అన్నది అక్క.

ఇప్పుడు మనవలు నొప్పి చాలాసేపు ఉందంటే నేను వాళ్ళ మాటే నమ్ముతాను. సారును మాత్రం క్షమించలేదు. ఆయన పోయినరోజు సందంతా చూడటానికి వెళ్ళింది. నేను వంట చేసుకుని, కడుపునిండా తిన్నాను.